సిల్తరా బట్టీలూ సాంకేతిక పరిశోధనా

రాయపూర్ జాతీయ సాంకేతిక విద్యాసంస్థ చరిత్ర గనులతో, లోహాలతో మొదలైంది. 1956 సెప్టెంబరు 14న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన నాటికి ఇది గనుల, లోహశాస్త్ర కళాశాల. తరువాతి కాలంలో ఇతర ఇంజనీరింగ్ శాఖలు వచ్చి చేరగా, 2005 డిసెంబరు 1న జాతీయ సంస్థ హోదా పొందింది. పక్కన భిలాయిలో సోవియట్ సహకారంతో ఉక్కు కర్మాగారం లేస్తున్న రోజుల్లో, దాని కోసం దల్లి-రాజహరా గనులు సిద్ధమవుతున్న రోజుల్లో పుట్టిన విద్యాలయం కావడంతో, ఈ ప్రాంతపు ఖనిజమూ బొగ్గూ దీనికి తొలి పాఠ్యవిషయాలయ్యాయి. ఈ స్నాతకోత్సవంలో పట్టాలు అందుకుంటున్న యువతీయువకుల్లో లోహశాస్త్రం చదివినవారు కొద్దిమందే కావచ్చు గాని, కంప్యూటరు, విద్యుత్తు, రసాయన, యంత్ర విభాగాలవారికి కూడా ఈ నేల వేసే ప్రశ్నల్లో వాటా ఉంది. ఈ బొగ్గు వల్ల, ఈ రాయి వల్ల, ఈ గాలి వల్ల పుట్టే చిక్కులకు కొలతలు ఇక్కడే తీయవలసి ఉంటుందనీ, ఆ పని సాంకేతిక విశ్వవిద్యాలయంలో జరిగే పరిశోధనకు మొదటి బాధ్యత అనీ పట్టభద్రుల ముందు ఈ వేళ ఉంచదగిన మాట.

నగరానికి ఉత్తరాన ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడలు ఉన్నాయి. స్పాంజ్ ఐరన్ ఉత్పత్తిలో ప్రపంచంలో భారతదేశానిదే ప్రథమస్థానం కాగా, అందులో పెద్ద భాగం బొగ్గుతో నడిచే బట్టీల నుంచే వస్తుంది. అలాంటి బట్టీలు గుంపుగా వెలసిన ముఖ్యమైన చోట్లలో రాయపూర్ ఒకటి. ఇనుప ఖనిజం ప్రధానంగా ఇనుమూ ఆక్సిజనూ కలిసిన పదార్థం, ఆ ఆక్సిజన్‌ను తొలగించడమే క్షయకరణం. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఈ పని ఇనుము కరిగి పారేంత వేడిలో ముగుస్తుంది. అందుకు కోక్ కావాలి, కోక్ తయారీకి కోకింగ్ బొగ్గు కావాలి, అంటే కాల్చినప్పుడు మెత్తబడి, ముద్దకట్టి, తిరిగి గట్టిపడి, పైనున్న ఖనిజం బరువును మోయగలిగిన బొగ్గు. మన దేశంలో మేలిరకం కోకింగ్ బొగ్గు కొరత ఎప్పుడూ ఉన్నదే. స్పాంజ్ ఐరన్ పద్ధతిలో ఖనిజం కరగదు. సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాయి రాయిగానే ఉండి, తనలోని ఆక్సిజన్‌ను కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు ఇచ్చివేస్తుంది, ఆక్సిజన్ ఖాళీ చేసిన చోటల్లా సన్నని రంధ్రాలు మిగులుతాయి. మామూలు బొగ్గే ఇందుకు చాలు.

ఈ పద్ధతి భారతీయ బొగ్గుతో నడుస్తుందా లేదా అన్న పరీక్ష మొదట జరిగింది తెలుగునేల మీద. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచలో, ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ తోడ్పాటుతో, స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ ఏటా 30,000 టన్నుల సామర్థ్యం గల ప్రదర్శన కర్మాగారాన్ని 1980లో నడిపించింది. బట్టీ రూపకల్పన విదేశాలది, బొగ్గు సింగరేణిది. ఆ కర్మాగారం వ్యాపారరీత్యా ఎంత గడించిందన్నది వేరే లెక్క. బూడిద ఎక్కువగా ఉండే మన బొగ్గుతో బట్టీని నిలకడగా నడపడం సాధ్యమేనని అక్కడ తేలిన తరువాతే దేశమంతటా ఇలాంటి కర్మాగారాలు వెలిశాయి కనుక, సిల్తరాలో ఈనాడు తిరుగుతున్న ప్రతి బట్టీకీ పాల్వంచతో చుట్టరికం ఉంది. 2010లో ఆ సంస్థ ప్రభుత్వరంగ ఖనిజ సంస్థ ఎన్ఎండీసీలో విలీనమైంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఎన్ఎండీసీయే బస్తర్‌లోని బైలడిల్లా కొండల నుంచి ఖనిజం తవ్వుతోంది, ఆ ఖనిజం కిరండూల్-కొత్తవలస రైలుమార్గం మీదుగా దశాబ్దాలుగా విశాఖ చేరుతోంది. ఛత్తీస్‌గఢ్‌కూ తెలుగునేలకూ మధ్య ఉన్న ఈ బంధుత్వాన్ని భిలాయి, రాయపూర్, జగదల్‌పూర్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎరుగును.

బట్టీ లోపల ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడవలసి ఉంది. రోజుకు 100 టన్నులు తీసే బట్టీ అంటే సుమారు 42 మీటర్ల పొడవూ 3 మీటర్ల వ్యాసమూ గల ఉక్కు గొట్టం. లోపలంతా అగ్నిని తట్టుకునే పూత, కొద్దిగా వాలుగా పడుకోబెట్టి, నిమిషానికి ఒక చుట్టు కూడా పూర్తికానంత నిదానంగా తిప్పుతారు. ఖనిజం, బొగ్గు, గంధకాన్ని పట్టుకోవడానికి కొంచెం డోలమైటు కలిసి ఎగువ నుంచి దిగువకు కొన్ని గంటలపాటు దొర్లుతూ వస్తాయి. బొగ్గు బూడిదలోని సిలికా, పూర్తిగా లోహం కాని ఇనుప ఆక్సైడు ఒకచోట చేరి, ఎక్కడైనా వేడి కాస్త మీరితే, 1200 డిగ్రీల చేరువలోనే కరిగే ఫయలైట్ అనే సమ్మేళనం ఏర్పడుతుంది. అది జిగురులా గోడకు అంటుకుంటుంది, దాని మీద ధూళి పడుతుంది, మళ్లీ జిగురు పడుతుంది. కొన్నాళ్లకు గొట్టం లోపల చుట్టూ ఒక కట్టు తయారవుతుంది. పనివారు దీనిని రింగు అంటారు. రింగు మందమైన కొద్దీ సరుకు సాగదు, గాలి ఆడదు, చివరికి బట్టీని ఆర్పి, చల్లార్చి, మనుషులు లోపలికి దిగి ఆ చిట్టెం గోడను పగలగొట్టాలి. ఇరుకుగా, వెలుతురు లేక, దుమ్ముతో నిండి, పైనుంచి పెళ్లలు విరిగిపడే ప్రమాదమున్న ఆ పని చేసేవారు ఎక్కువగా ఒప్పంద కూలీలే.

ఇందులో పరిశోధకుల కంటికి ఆనవలసిన సూక్ష్మం ఒకటుంది. బట్టీ పొడవునా అక్కడక్కడ థర్మోకపుల్ అనే ఉష్ణమాపకాలు గోడలోంచి లోపలికి దిగి ఉంటాయి. రింగు వాటి కొసలను కప్పివేస్తే, పొర చాటున ఉన్న మాపకం లోపలి వేడిని అసలుకన్నా తక్కువగా చూపుతుంది. వేడి చాలలేదనుకున్న ఆపరేటర్ గాలి పెంచుతాడు, గాలి పెరిగితే బొగ్గు మరింత మండుతుంది, వేడి మీరి రింగు ఇంకా బలుస్తుంది. తెర మీది అంకె ఒకటి, లోపలి నిజం ఒకటి. ఈ అంకెలనే మేసి నేర్చుకునే కృత్రిమ మేధ నమూనా కూడా అదే పొరపాటును మరింత వేగంగా చేస్తుంది కనుక, కంప్యూటరు విభాగం నుంచి వెళ్తున్న పట్టభద్రులు లెక్కలోకి దిగేముందు ఆ అంకె ఏ పరికరం నుంచి, ఏ స్థితిలో వచ్చిందో అడగడం అలవాటు చేసుకోవాలి. బట్టీ పైతొడుగు ఉష్ణోగ్రతను బయటి నుంచి పరారుణ కిరణాలతో కొలిచి, లోపలి మాపకంతో పోల్చిచూస్తే రింగు ఎక్కడ మొదలవుతున్నదో ముందుగానే పసిగట్టవచ్చు. ఇది లోహశాస్త్రం, విద్యుత్తు, గణనం మూడూ కలిస్తే గాని తెమలని పని.

బట్టీలోంచి వచ్చిన సరుకు చాలామేరకు ఇండక్షన్ ఫర్నేసుల్లో కరిగి, రోలింగ్ మిల్లుల్లో కడ్డీలై, ఇళ్ల స్లాబుల్లోకి వెళుతుంది. ఇండక్షన్ ఫర్నేస్ చవకైనది, చిన్న మదుపుదారు కూడా పెట్టుకోగలిగినది, అయితే ఉక్కును పెళుసుబార్చే భాస్వరాన్ని తొలగించడం అందులో కష్టం. ఖనిజం నుంచీ బొగ్గు నుంచీ వచ్చిన భాస్వరం చివరికి ఎవరి ఇంటి పైకప్పులో తేలుతుందో ఆ ఇంటివారికి తెలిసే వీలు లేదు. తెలుసుకోవలసిన పూచీ పరీక్షించే ఇంజనీరుదే. పొగగొట్టం నుంచి వచ్చే ధూళి సంగతీ ఇంతే. విద్యుత్ క్షేత్రంతో ధూళికణాలను పట్టి నిలిపే ఈఎస్పీ యంత్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి, అయినా మేడల మీద ఆరబెట్టిన బట్టలకు నల్లని మసి అంటడం రాయపూర్ వాసులు చిరకాలంగా పడుతున్న బాధ. పరిశ్రమ ఇచ్చిన ఉపాధి ఆ బాధను కొట్టివేయదు.

లోహాన్ని కరిగించకుండా తీయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మైకల్ కొండల్లో అగరియా జాతివారు మట్టి కొలిమిలో కర్రబొగ్గు వేసి, కాళ్లతో తిత్తులు తొక్కి, ముద్ద ఇనుము తీసి, సమ్మెటతో కొట్టి చిట్టెం వదలగొట్టేవారు. వారి గురించి వెరియర్ ఎల్విన్ 1942లో ఒక పూర్తి గ్రంథమే వెలువరించాడు. పద్ధతి వేరైనా, తెలంగాణలోని కోనసముద్రంలో మూసలలో వండిన ఉక్కు కోసం కూడా పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ వృత్తులు అంతరించడానికి అడవి చట్టాలు, విదేశీ ఇనుము పోటీ వంటి కారణాలు ఉన్నా, వారి నేర్పులో చాలాభాగం తిరిగి దొరకకుండా పోయింది అది చేతుల్లోనే ఉండి కాగితం మీదికి ఎక్కకపోవడం వల్లనే. దీనికి భిన్నంగా, భూవైజ్ఞానిక సర్వేలో పనిచేసిన ప్రమథనాథ్ బోస్ 19వ శతాబ్దం చివర దల్లి-రాజహరా ఖనిజాన్ని నమోదు చేశాడు. ఆ నమోదును చూసి టాటాలు పంపిన నిపుణులు వచ్చి, ఖనిజం మేలైనదే అయినా తగిన బొగ్గూ నీరూ చేరువలో లేవని వెనుదిరిగారు. అయినా ఆ నివేదిక వ్యర్థం కాలేదు, 1959 ఫిబ్రవరి 4న భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైనప్పుడు దానికి అన్నం పెట్టింది ఆ కొండలే.

ఇక ముందున్నది బొగ్గును తగ్గించే ప్రశ్న. స్వీడన్‌లోని లులేయాలో 2021లో హైడ్రోజన్‌తో స్పాంజ్ ఐరన్ తీశారు. అక్కడ బొగ్గుపులుసు వాయువుకు బదులు నీటి ఆవిరి వస్తుంది. హెమటైట్ ఖనిజం నుంచి టన్ను ఇనుముకు లెక్క ప్రకారం 54 కిలోల హైడ్రోజన్ కావాలి, నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి సుమారు 50 యూనిట్ల విద్యుత్తు పడుతుంది కనుక, ఒక్క హైడ్రోజన్‌కే టన్నుకు 2,700 యూనిట్ల చొప్పున లెక్క తేలుతుంది. పైగా హైడ్రోజన్ చర్య వేడిని పీల్చుకుంటుంది, గాలి చొరబడే తిరుగుడు బట్టీలో ఆ వాయువు ప్రమాదకరం, అందువల్ల స్వీడన్ పద్ధతిని తెచ్చి సిల్తరా బట్టీకి తగిలించడం కుదరదు.

మధ్యేమార్గంగా కర్రబొగ్గు వంటి జీవజనిత ఇంధనాన్ని కొంతపాలు కలపవచ్చు. వరికి పేరుపడ్డ ఛత్తీస్‌గఢ్‌లో ముందుగా తోచేది ఊక. కాని ఊకలో ఐదోవంతు బూడిద, ఆ బూడిదలో 90 శాతం దాకా సిలికా, అంటే రింగు కట్టడానికి కావలసిన పదార్థమే. వెదురు బొగ్గులో బూడిద తక్కువ, అయితే ఆ బూడిదలోని పొటాషియం ఒకవైపు బొగ్గు వాయువుగా మారే చర్యను త్వరపెడుతుంది, మరోవైపు చిట్టెం కరిగే వేడిని దించుతుంది. బైలడిల్లా ఖనిజంతో, కోర్బా బొగ్గుతో, వెదురు ఎంతపాలు కలిపితే అంటుకోవడం ఎన్ని డిగ్రీల దగ్గర మొదలవుతుందో, ఏ పాళ్లలో ప్రయోగం విఫలమైందో కూడా దాచకుండా చూపే పట్టికను ఓపికగా తయారు చేయడం ఒక పీహెచ్‌డీకి సరిపడే పని. అది ఎంత పేరున్న పత్రికలో అచ్చయినా, రాత్రి షిఫ్టులో బట్టీ దగ్గర నిలబడే ఫోర్‌మన్ చదవగలిగిన హిందీలో కూడా ఒక ప్రతి సిల్తరా చేరాలి.