నాలుగు పడ్డది, సార్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరింగ్ చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కమిటీ వాళ్లు మన్నించాలి, నేను ఒక ఆట గురించి చెబుతాను. కబడ్డీ, ఖోఖో కాదు. బల్ల చుట్టూ ఐదారుగురు కూర్చొని, ఒక్కొక్కరు ఒక్కో మనిషిగా మారి, నోటితో ఆడే ఆట. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. పదేళ్ల కింద మా ఆఫీసు కుర్రాళ్లు శనివారాలు ఆడుతుంటే చూసి, ఈ వయసులో ఇదేం పిచ్చి అని మా ఆవిడ అంటున్నా వినకుండా చేరిపోయాను.

ఒకరు ఆట నడుపుతారు, మిగతావాళ్లు పాత్రలు. "ఎదురుగా కోట ఉంది, తలుపు మూసి ఉంది, ఏం చేస్తారు?" అంటాడు నడిపేవాడు. తలుపు పగలగొట్టొచ్చు, కాపలావాడితో మాట కలపొచ్చు, కోటను వదిలేసి వెనక్కి పోవచ్చు. అవుతుందో కాదో తెలియని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. గెలుపు ఓటములు లేవు. చివరికి మిగిలేది కథే.

దీని పుట్టుక కాలక్షేపంలో లేదు, సైన్యంలో ఉంది. 1824లో ప్రష్యాలో రైస్విట్జ్ అనే అధికారి, తన తండ్రి మొదలుపెట్టిన యుద్ధపు ఆటను మ్యాపు, పాచికలు, తీర్పరితో ఒక పద్ధతిలో పెట్టాడు. నిజానికి దగ్గరగా ఉండాలని ఎంత దూరానికి ఎంత నష్టమో పట్టికలు రాశాడు. ఆ పట్టికలే తర్వాత గుదిబండ అయ్యాయి. 1876లో వెర్డీ దు వెర్నువా అనే మరో అధికారి, అవి పక్కన పెట్టండి, అనుభవమున్న తీర్పరి మాట చాలు అన్నాడు. ఈ తగువు మా ఇంజనీర్లకు కొత్త కాదు. కోడ్ పుస్తకం పెద్దదా, ముప్పై ఏళ్లు సైటు మీద నిలబడ్డ మేస్త్రీ కన్ను పెద్దదా అని మేం రోజూ కొట్లాడుకునేదే.

1969లో అమెరికాలో డేవిడ్ వెస్లీ అనే ఆయన యుద్ధం ఆడదామని మిత్రుల్ని పిలిచి, ఒక పట్నంలోని రకరకాల మనుషుల పాత్రలు పంచాడు. వాళ్లు యుద్ధం మరిచిపోయి చాటుమాటు మంతనాలు, ఎత్తులు పైఎత్తుల్లో పడ్డారు. ఆట పాడైందని ఆయన బాధపడ్డాడు. వాళ్లేమో మళ్లీ ఎప్పుడు పెడతావని వెంటపడ్డారు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్, గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తెచ్చాడు. మొదట అచ్చేసింది 1000 పెట్టెలే. అంటే ఆ ఆట మన బడికన్నా ఒకటి రెండేళ్లు పెద్దది, అంతే.

మన గుస్సాడీ లాంటిదా అని నిన్న ఒక మిత్రుడు అడిగాడు. కాదు. మన మండలంలోని మర్లవాయి నుంచి కనకరాజు గారు 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో మనల్ని విడిచి వెళ్లారు. ఆ నెమలి ఈకల టోపీ పెట్టుకున్నవాడు నటించడు, అది దైవానికి సంబంధించిన విషయం. నాకు దగ్గరగా తోచేది పగటి వేషం. చిన్నప్పుడు మన అంగట్లోకి పోలీసు వేషంలో వచ్చినాయన దుకాణదారును దబాయించేవాడు. దుకాణదారు ఏమంటే దాన్నిబట్టి ఆయన తర్వాతి మాట. రెండో మనిషి లేకపోతే ఆ వేషమే లేదు.

ఇక అసలు సంగతి. పోయిన వేసవి సెలవుల్లో ఇక్కడికి వచ్చి తొమ్మిదో తరగతి పిల్లలు ఆరుగురితో ఈ ఆట ఆడించాను. రాక్షసులూ కోటలూ ఎందుకని మన కథే తీసుకున్నాను. వానాకాలం రాత్రి. నెలలు నిండిన మనిషికి నొప్పులు మొదలయ్యాయి. ఊరికీ రోడ్డుకూ మధ్య వాగు. అవతల అంబులెన్సు. నేను వంతెనలు కట్టేవాణ్ని కదా, అరగంటకొకసారి నీళ్లు ఎంత పెరుగుతాయో పట్టిక రాసుకున్నాను. నీటి వేగం రెండింతలైతే తోపు నాలుగింతలు, కాబట్టి ఏ లోతులో మనిషి నిలబడతాడో లెక్క. తాడుకు లెక్క. డోలీ మోసేవాళ్ల అలసటకూ లెక్క.

అత్త పాత్ర వేసిన అమ్మాయి మొదటి మాటలోనే అన్నది: "ఈ రాత్రి మేం వాగు దాటం, సార్."

నా కథంతా వాగులోనే ఉంది మరి!

"ఆశా అక్క ఇటు పక్క ఊర్లెనే ఉంటది గద, ఎడ్లబండి పంపుతం" అన్నాడు ఇంకో పిల్లాడు. నేను ఆశా కార్యకర్తను రాసుకోలేదు. వాళ్లు పెట్టుకున్నారు. ఆ తర్వాత గోండిలోకి మారిపోయారు. నేను బజారు పిల్లాణ్ని, నా గోండి ఎంతో ఇక్కడున్న నా క్లాసువాళ్లకు తెలుసు. ఇరవై నిమిషాలు నోరు మూసుకొని కూర్చున్నాను. చివరికి ఒకమ్మాయి తెలుగులో చెప్పింది: ఎడ్లున్న ఇంటికీ వీళ్ల ఇంటికీ మాటల్లేవు, ముందు ఎవరు పోయి అడగాలన్నదే పంచాయితీ. నేను నీళ్లను లెక్కపెట్టాను, వాళ్లు మనుషుల్ని లెక్కపెట్టారు. ఏది ఎక్కువ నిజమో మీరే చెప్పండి.

బండి ఆలస్యమైంది. భర్త ఒక్కడే ఈది పోయి అవతలి నుంచి నర్సును తెస్తానన్నాడు. ఛాతీ లోతు నీళ్లు, పద్దెనిమిది, ఆపైన పడాలన్నాను. నాలుగు పడింది.

పిల్లల ముఖాలు చూసి నాకు గుండె జారింది. "ఒక కొమ్మ చేతికి దొరికింది, ఎలాగో ఒడ్డుకు..." అని సర్దబోయాను. అప్పటిదాకా పెద్దగా మాట్లాడని పిల్లాడు నావైపు చూడకుండా అన్నాడు: "నాలుగు పడ్డది, సార్."

ఆగిపోయాను. ఆ పిల్లాడి ఇంటి సంగతి తర్వాత ఉపాధ్యాయులు చెబితే తెలిసింది, ఇక్కడ చెప్పను. అడగకుండా ఆ కథ ఎత్తుకోవడం నా తప్పు. ఇప్పుడైతే కథలో ఏది రావద్దో ముందే చీటీ మీద రాసిమ్మంటాను. చాలా దేశాల్లో ఆడేవాళ్లు ఇలాంటి జాగ్రత్తే తీసుకుంటారు, నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఆ రోజు మాత్రం నాలుగును నాలుగుగానే ఉంచి, "నాలుగంటే ఏం జరిగిందో మీరు చెప్పండి" అన్నాను. గుసగుసలాడుకున్నారు. భర్త కొట్టుకుపోయి కింద ఒక చెట్టుకు చిక్కాడు, బతికాడు, కాలు విరిగింది. తెల్లారేసరికి ఆశా అక్క చేతుల మీదుగా బిడ్డ పుట్టింది. వాగు తగ్గాక డోలీ కట్టారు. ఆమె కోసం నేను అనుకున్న డోలీలో ఆయన్ను మోసుకెళ్లారు. ఆ చివరి ముక్క చెప్పింది, మాట్లాడని పిల్లాడే.

రెండు జతల పాచికలు లైబ్రరీ బీరువాలో పెట్టాను. గురువులు శనివారం ఒక గంట ఇస్తే చాలు, నడపడం పిల్లలకే వచ్చు. నిన్న సాయంత్రం నన్ను కూర్చోబెట్టి కొత్త కథ మొదలుపెట్టారు. అందులో వాగు మీద వంతెన కట్టడానికి వచ్చిన ఇంజనీరు పాత్ర నాకిచ్చారు. ఊరి పెద్దగా కూర్చున్న అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న: "ఇన్నేండ్లు యాడున్నవ్?"

జవాబు చెప్పడానికి నాకు భోజనాలయ్యేదాకా టైమిచ్చారు.