యుద్ధమా? నేరమా?

ఆయుధము చేతబట్టి కొండ నెక్కిన మనుష్యుని ప్రభుత్వము ఏ పేరున పిలువవలెను? శత్రువు అనవలెనా, నేరస్థుడు అనవలెనా? ఇది వట్టి మాటల తగవు కాదు. శత్రుసైనికుని యుద్ధభూమిలో కనబడినంతనే కాల్చవచ్చును. కాని పట్టువడినచో, పోరాడినంత మాత్రమున వానిని శిక్షింపరాదు, యుద్ధము ముగిసిన పిమ్మట ఇంటికి పంపవలెను. నేరస్థుని పట్టుకొనవలెనే గాని చూచినంతనే కాల్చరాదు. పట్టువడిన పిమ్మట న్యాయస్థానమున దోషము రుజువుపఱచి శిక్షింపవచ్చును. ఒక్కొక్క పేరు వెంట ఒక అధికారము, ఒక కట్టుబాటు జంట యెద్దులవలె నడచుచుండును. వచ్చిన చిక్కెల్ల, ప్రభుత్వములు ఈ కాడినుండి ఒక యెద్దును, ఆ కాడినుండి ఒక యెద్దును విప్పి, తమకు నచ్చినట్లు జతపఱచుకొనుటవలన వచ్చుచున్నది.

మన పడమటి సీమకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము—మూడును కనుమలకు పైన, మైసూరు పీఠభూమి అంచున నున్న ఊళ్ళు. దిగువ మైదానమునుండి బెంగుళూరికి పోవు సైన్యములకు ఈ సీమయే దారి. 1791లో కారన్‌వాలీసు ప్రభువు అంబూరు దారిని వచ్చునట్లు టిప్పు సుల్తానును భ్రమింపజేసి, మొగిలి కనుమ నెక్కి, పలమనేరు, కోలారుల మీదుగా బెంగుళూరు చేరెను. 1799లో శ్రీరంగపట్టణము కూలిన పిదప గుఱ్ఱంకొండ సీమ నిజామునకు దక్కినది. మరుసటి యేడే నిజాము దానిని కుంపిణీకి ధారపోసెను. మదనపల్లె ఆ విధముగా దత్తమండలములలో చేరినది. పుంగనూరును, కుప్పము ముఖ్యస్థలముగా గల కంగుందియు జమీందారుల చేతులలో నుండి ఉత్తర ఆర్కాటు జిల్లాలో కలిసినవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడు వఱకును మూడూళ్ళును ఒక్క జిల్లాలోనికి రాలేదు.

ఆ కాలమున ఇచ్చట ఆయుధము పాలెగానిది. తన పాలెమునకు కావలి కాయుట, దొంగతనము జరిగినచో సొత్తు రాబట్టుట అతని విధి. యుద్ధము వచ్చినప్పుడు రాజునకు బంట్లను తీసికొని పోవుటయు అతని విధియే. అనగా నేడు మనము పోలీసు అనునదియు, సైన్యము అనునదియు ఒక్కనియందే యుండెను. 1800లో దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎదురైన పాలెగాండ్రు సుమారు 80 మంది. ఆయన వారి ఆయుధములను, కావలి హక్కులను ఊడదీసి, కొందఱికి పింఛను లేర్పఱచి, లొంగనివారిపైకి జనరల్ కాంబెలు సైన్యమును నడిపించెను. ఈ కాఠిన్యమును లండనులోని డైరెక్టర్లే 1804లో ఆక్షేపించిరి. చిత్తూరు పాలెగాండ్రు 1804–05 సంవత్సరములలో తిరుగబడినప్పుడును సైన్యమే దిగెను.

ఇంతవఱకు జరిగినది బలముతో జరిగినది. దానికి చట్టపు రూపము 1808లో వచ్చెను. మద్రాసు ప్రభుత్వము ఆ యేట చేసిన 7వ రెగ్యులేషను ప్రకారము, ప్రభుత్వమునకు విధేయులై యుండవలసినవారు బాహాటముగా ఆయుధములు పట్టి చిక్కినచో, మామూలు కోర్టుల అధికారమును నిలిపివైచి, సైనిక న్యాయసభ యెదుట నిలిపి మరణదండన విధింపవచ్చును. ఇందలి తర్కమును శ్రోతలు గమనింపవలెను. నీవు మా ప్రజవు గనుక నీ పోరాటము ద్రోహము. శత్రువువలె పోరితివి గనుక ప్రజలకు గల కోర్టు నీకు లేదు! యుద్ధఖైదీకి గల రక్షణయు దక్కలేదు, ముద్దాయికి గల రక్షణయు దక్కలేదు. 1819లో 2వ రెగ్యులేషను విచారణయే లేకుండ రాజ్యఖైదీలుగా నిర్బంధించుటకు వీలు కల్పించినది. తరువాతి నిర్బంధ చట్టములకు ఈ రెండును పెద్దమ్మ, పిన్నమ్మ వంటివని నా అభిప్రాయము.

రెండవ ప్రపంచయుద్ధానంతరము, 1949లో జెనీవాలో నాలుగు ఒడంబడికలు కుదిరినవి. నాలుగింటను గల 3వ నిబంధన, ఒక దేశము లోపల జరుగు సాయుధ సంఘర్షణలలో సైతము ఆయుధము దింపినవానిని, గాయపడినవానిని, పోరులో పాలుగొననివానిని చంపరాదనియు, హింసింపరాదనియు, సక్రమముగా ఏర్పడిన న్యాయస్థానము తీర్పు లేనిదే దండింపరాదనియు చెప్పుచున్నది. భారతదేశము ఆ ఒడంబడికలను 1950లో అంగీకరించి, 1960లో చట్టము చేసినది. అయినను అంతర్గత సంఘర్షణలను గురించి 1977లో కుదిరిన అనుబంధ పత్రమున చేరలేదు. మన గడ్డపై జరుగునది యుద్ధము కాదు, శాంతిభద్రతల సమస్య మాత్రమే యని మన ప్రభుత్వ వాదము.

అమెరికా వాదము దీనికి తలక్రిందులు. 2001 సెప్టెంబరు తరువాత అది ఉగ్రవాదముపై యుద్ధమని చాటి, పట్టువడినవారిని గ్వాంటనామోలో నిర్బంధించి, యుద్ధఖైదీల హక్కులు మాత్రము వీరికి లేవనెను. 3వ నిబంధన వారికిని వర్తించునని అచ్చటి సుప్రీంకోర్టు 2006లో చెప్పవలసివచ్చినది. మద్రాసు కుంపిణీ దొరల తర్కము రెండు వందల ఏండ్ల పిమ్మట సముద్రము దాటినదా యనిపించును.

మరల మన సీమకు వత్తము. 2003 అక్టోబరు 1న, అప్పటి ముఖ్యమంత్రియు, కుప్పము శాసనసభ్యులును అగు శ్రీ నారా చంద్రబాబు నాయుడు బ్రహ్మోత్సవముల సందర్భమున తిరుమలకు పోవుచుండగా అలిపిరి చెంత క్లేమోరు మందుపాతరలు ప్రేలినవి. ఆయన గాయములతో బయటపడిరి. పాతరలు పెట్టినది పీపుల్స్ వార్. యుద్ధమను మాటను తన పేరులోనే పెట్టుకొన్న సంస్థ. సరే, యుద్ధమే యనుకొందము. క్లేమోరు ఉక్కుగుండ్లను ఒక దిక్కునకు విరజిమ్మును. ఎదుట నున్నది మంత్రియా, యాత్రికుడా యని అది యెఱుగదు. బ్రహ్మోత్సవములనాడు కొండదారిలో దానిని అమర్చుట యుద్ధధర్మము చేతను నిషిద్ధమే. సైనికుడు కాని పరిపాలకుని చంపజూచుటయు నిషిద్ధమే. మందుపాతరలను గురించి 1996లో సవరింపబడిన అంతర్జాతీయ నియమములు దేశము లోపలి సంఘర్షణలకును, అందలి ఉభయపక్షములకును వర్తించును. భారతదేశము వానిని 1999లో అంగీకరించినది. కావున యుద్ధమను పేరు చెప్పుకొన్నంత మాత్రమున ఆ సంస్థకు ఒరిగినదేమియు లేదు. ప్రభుత్వము దీనిని నేరముగానే నడిపినది. తిరుపతి న్యాయస్థానమున తీర్పు 2014లో గాని వెలువడలేదు. పదునొకండేండ్ల ఆలస్యము మెచ్చదగినది కాదు. అయినను అది కోర్టులో జరిగిన ఆలస్యము.

యుద్ధము కాదన్నచో ఆ మాటకు ప్రభుత్వమును కట్టుబడియుండవలెను. యుద్ధము కానిచోట పోలీసువానికి ప్రాణము తీయు ప్రత్యేకాధికారము లేదు. ఆత్మరక్షణ హక్కు వానికిని, తన యింట దొంగలు పడిన గృహస్థునకును ఒక్క శిక్షాస్మృతినుండియే వచ్చుచున్నది. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టున ఐదుగురు న్యాయమూర్తులు ఈ సంగతినే తేల్చిచెప్పిరి: ఎదురుకాల్పులలో మనిషి చనిపోయినచో కేసు నమోదు చేయవలెను, ఆత్మరక్షణ యను వాదమును విచారణలో రుజువుపఱచుకొనవలెను. సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసినది. 2014 సెప్టెంబరులో వేఱొక వ్యాజ్యమున తానే 16 సూత్రములను నిర్దేశించి, కేసు నమోదును, స్వతంత్ర దర్యాప్తును, మేజిస్ట్రేటు విచారణను విధించినది. ఏడు నెలలు తిరుగక మునుపే, 2015 ఏప్రిల్ 7న, శేషాచలపు అడవిలో ఎఱ్ఱచందనము నఱుకవచ్చిరన్న 20 మంది పోలీసు కాల్పులలో మరణించిరి. వారిని ఉగ్రవాదులని ఎవరును అనలేదు. అందుచేతనే ఆ ఉదంతము ఇచ్చట చెప్పదగియున్నది: ఒకరికొఱకు సడలించిన పగ్గము మఱియొకరిపై బడును.

వేఱొక విధముగను జరుగవచ్చునని పుత్తూరు చూపినది. 2013 అక్టోబరులో తమిళనాడు పోలీసులు తాము వెదకుచున్నవారి జాడ తీసి ఆ పట్టణమున ఒక యింటిని చుట్టుముట్టిరి. వారి అధికారి యొకరు తీవ్రముగా గాయపడిరి. మన రాష్ట్రపు ఆక్టోపస్ దళము వచ్చినది. లోపల ఒక స్త్రీయు, చిన్నపిల్లలును గలరు. గంటల తరబడి వేచి, నచ్చజెప్పి, వారిని బయటికి రప్పించి, తుదకు వెదకబడుచున్న ఇరువురిని ప్రాణములతో పట్టుకొనిరి. ఆ యింటిని కూల్చివైచుట కొన్ని నిమిషముల పని. ఆ గంటల ఓరిమిని గురించి మనము తగినంత చెప్పుకొనలేదు.

ఇప్పుడు పేరు పెట్టు అధికారము ఎవరిది? 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 113వ సెక్షనులో ఉగ్రవాద చర్యను మామూలు నేరములతో పాటు చేర్చినది. అదే చర్యకు 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపముల నిరోధక చట్టమును కలదు. దేనిక్రింద కేసు కట్టవలెనో జిల్లా పోలీసు సూపరింటెండెంటు స్థాయికి తగ్గని అధికారి నిర్ణయించును. రెండింటను శిక్షలు దాదాపు సమానమే. దారి మాత్రము వేఱు. పాత చట్టము క్రింద ప్రభుత్వానుమతి లేనిదే కోర్టు కేసును చేపట్టరాదు. కాని బెయిలు దుర్లభము, అభియోగపత్రము లేకయే నిర్బంధమును 180 దినముల వఱకు పొడిగింపవచ్చును. సంహిత క్రింద 90 దినములే. కాని ఆ ప్రభుత్వానుమతి యను అడ్డు లేదు. ఏ దారి నెన్నుకొనెనో, ఏల ఎన్నుకొనెనో అధికారి వ్రాతమూలకముగా కారణము చూపవలెనని చట్టములో లేదు. అది ఉండవలెను, మొదటి రిమాండునాడే ఆ కాగితము మేజిస్ట్రేటు ముందుండవలెను.

ఇది అధికారుల సంగతి మాత్రమే కాదు. కుప్పము మదరాసు–బెంగుళూరు రైలుమార్గముపై నున్నది, మూడు రాష్ట్రముల కూడలి. పుంగనూరు, మదనపల్లెలకు కర్ణాటకపు సరిహద్దు దగ్గఱ. పాలెగాండ్ర నాడు తరుమబడినవాడు మైసూరు సీమలోనికి దాటెడివాడు. నేడు బస్సెక్కి దాటును. దారిలో వాడు ఎవరి యింటనో గది అద్దెకు తీసికొనును, ఎవరి పూటకూటి యింటనో భోజనము చేయును. ఉగ్రవాదికి ఆశ్రయమిచ్చినవానికి మూడేండ్లకు తక్కువ గాకుండ, యావజ్జీవము వఱకు శిక్ష కలదు. భార్య భర్తకు, భర్త భార్యకు ఇచ్చిన ఆశ్రయమును చట్టము మినహాయించినది. తల్లి బిడ్డకిచ్చినదానిని మినహాయింపలేదు. గది యిచ్చిన గృహస్థునకు మిగిలిన రక్షణ ఆ సెక్షనులోని ఒక్క మాట. ఆశ్రయము పొందినవాడు ఉగ్రవాది యని తెలిసి ఇచ్చియుండవలెను. తెలిసియే ఇచ్చెనని రుజువుపఱచవలసిన భారము ప్రాసిక్యూషనుది.