ఎర్త్ కూడా వైరే

పాత పికప్ బండ్ల లైటింగ్ గురించి మాట్లాడమన్నారు. ఒక బండి సంగతితో మొదలుపెడతాను.

భీమవరం వైపు నుంచి రొయ్యల లోడు తోలే బండి అది. డ్రైవరు వచ్చి, "అన్నా, బ్రేకు తొక్కితే వెనక లైట్లు రావట్లేదు, ముందు పార్కింగ్ లైట్లు మినుకుమంటున్నాయి" అన్నాడు. అప్పటికే రెండు షెడ్లు తిరిగాడు. బల్బులు మార్చారు, బ్రేక్ స్విచ్ మార్చారు, స్టీరింగ్ కింద వైరింగంతా విప్పి మళ్లీ టేపు చుట్టారు. తప్పు అక్కడ లేదు. వెనక రెండు లైట్లకూ కలిపి చాసీకి బిగించిన ఒక్క నల్ల ఎర్త్ వైరు దగ్గరుంది. ట్రేల నుంచి కారిన నీళ్లు ఏళ్ల తరబడి ఆ బోల్టు మీదే పడ్డాయి. రింగు చిలుము పట్టి పొడిపొడిగా రాలిపోతోంది.

బ్రేకు తొక్కితే ముందు లైటు ఎందుకు వెలగాలి? వెనక బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. బ్రేకుది 21 వాట్లు, పార్కింగుది 5 వాట్లు. రెండింటికీ ఎర్త్ ఒకటే, అది బల్బు ఒంటి లోహమే. ఆ ఎర్త్ పోయాక, బ్రేకు ఫిలమెంటు దాటిన కరెంటుకు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి లేదు. అందుకని పక్కనున్న 5 వాట్ల ఫిలమెంటులోకి దూరి, పార్కింగ్ లైను పట్టుకుని ముందుకొచ్చి, అక్కడి బల్బుల గుండా వాటి ఎర్త్‌కు చేరుతుంది. డ్రైవరు చూసిన మినుకు అదే. ఒక ఫంక్షన్ వాడితే సంబంధం లేని లైటు వెలిగినప్పుడల్లా నేను మొదట ఎర్త్‌నే అనుమానిస్తాను.

"లైను వస్తోందా" అని చూడటం మనందరి అలవాటు. టెస్ట్ లాంప్ వెలిగితే లైను బాగుందనుకుంటాం. చిన్న టెస్ట్ లాంప్‌కు పట్టే కరెంటు తక్కువ. వైరులో ఒక్క పోగు మిగిలినా అది వెలుగుతుంది. అసలు బల్బు పెడితే ఆ పోగు చాలదు. అందుకే లైటు వేసి ఉంచి, కప్లర్ పీకకుండా కొలవాలి. మీటరు నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ప్రోబు బల్బు ఒంటి మీద. మంచి ఎర్త్ అయితే 0.2 వోల్టుకు మించదు. ఆ రొయ్యల బండిలో బ్రేకు తొక్కించి చూస్తే పది దాటింది. రెండు నిమిషాల పని. బోల్టు విప్పి, ఉప్పు కాగితంతో చాసీ తళతళలాడేదాకా రుద్ది, కొత్త రింగు వేసి, పైన గ్రీజు పూశాను.

హెడ్‌లైట్ల మాటా అంతే. 60 వాట్ల బల్బుకు సుమారు 5 ఆంపియర్లు, రెండింటికి 10. ఆ దారిలో 0.1 ఓమ్ అడ్డం ఉంటే ఒక వోల్టు అక్కడే పోయింది. వోల్టేజీ పదోవంతు తగ్గితే వెలుగు ఇంచుమించు మూడోవంతు తగ్గుతుంది. ఇది తెలియక ఓనర్లు 100 వాట్ల బల్బులు అడుగుతారు, మనమూ వేసేస్తాం. నా లెక్కలో అది తప్పు. పాత బండ్లలో చాలావాటికి ఆ కరెంటంతా డాష్‌బోర్డు స్విచ్ గుండానే పోతుంది. స్విచ్, హోల్డర్ కరిగాక మళ్లీ మన దగ్గరికే వస్తాయి. బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజుతో లైను తెచ్చి, రిలే పెట్టి, పాత స్విచ్‌ను రిలే కాయిల్‌కే పరిమితం చేయండి. అదే బల్బు కొత్తదానిలా వెలుగుతుంది.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే వైరు ముక్క చుట్టి పంపకండి. మంటలు అంటుకునేది అక్కడే. ఫ్యూజు స్థానంలో ఒక 21 వాట్ల బల్బు కలపండి. షార్ట్ ఉన్నంతసేపూ అది నిండుగా వెలుగుతుంది. కప్లర్లు ఒక్కొక్కటే పీకుతూ పోండి. ఏది పీకితే ఆరుతుందో, షార్ట్ ఆ కొమ్మలోనే ఉంది.

ఈ బండ్లు రాత్రిపూట లోడుతో హైవే ఎక్కేవి. వెనక లైటు లేని పికప్ వెనకొచ్చే మోటార్‌సైకిల్ కుర్రాడికి కనబడదు. అందుకే కుర్ర మెకానిక్కులను అడుగుతున్నాను. కొత్త బల్బు డబ్బా విప్పే ముందు మీటరు తీయండి. బండి షెడ్డు దాటేముందు ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కండి, ఇంకొకరు వెనక నిలబడి చూడండి.