ఎలక్ట్రానిక్స్ చదువునకు తెలుగు తోడు

మా యానాము అంబేద్కర్ పాలిటెక్నిక్‌లో పదవ తరగతి పిమ్మట 3 సంవత్సరముల డిప్లొమా చదువులు కలవు. అందు ఎలక్ట్రానిక్స్ అభ్యసించు పొరుగింటి బాలుడు, ఇంగ్లీషు పుస్తకము కొఱుకుడు పడక, చదువు మానెదనని నాకడకు వచ్చెను. ‘రెసిస్టెన్సు’ అను మాట వల్లించును గాని భావ మెఱుగడు. నాకు వచ్చినది వ్యాకరణమే, అయినను, “కాలువ తూమునకు తలుపు దించినకొలది నీరు తగ్గదా? ఇదియు నట్టి నిరోధమే” యంటిని.

వెంటనే కాగితము తీసికొనెను. బ్యాటరీ 9 వోల్టులు, ఎల్.ఇ.డి. దీపమునకు 2 చాలును. మిగిలిన 7 వోల్టులను 0.02 ఆంపియరుచే భాగింపగా 350 ఓములు. “ఈ నిరోధము లేకున్న దీపము మాడిపోవును, మాష్టారూ!” అనెను.

పేరులను మార్పనక్కఱలేదు, వివరణము తెలుగున నుండిన చాలును. ఓము, వోల్టు అనునవి మనుష్యుల పేరులే కదా! 1827లో ఈ సూత్రమును ప్రకటించిన జర్మను పండితుడు ఓముగారు బడిలో గణితము చెప్పినవారే. ఆ మాట వినినంతనే బాలుడు నవ్వి, తరువాతి పాఠము తెఱచెను.