చెరిపినంత మాత్రాన పోదు



పంచాంగ శ్రవణమయి, పచ్చడి పంచిన పిమ్మట ఈ కంప్యూటరు గొడవ ఏమిటని పెద్దలు కొందరు అనుకోవచ్చు. కాని దిబ్బూరహళ్ళి చేరిన మన కుటుంబాలకు స్వగ్రామపు ఇల్లు, అవ్వాతాతల ముఖాలు, పెండ్లి ముచ్చట్లు నేడు ఎక్కడ ఉన్నాయి? గోడమీది పటాలలో కాదు, సెల్ ఫోనులోని గోరంత కార్డులో. పిల్లవాడు తెలియక నొక్కితే అన్నీ మాయం! ఆనాటినుంచి ఇంట్లో శోకాలు.

నిజానికి అవి వెంటనే మాయం కావు. నేను రైల్వే గుమాస్తాను గనుక నా భాషలోనే చెబుతాను. పార్సిలు గోదాములో ఏ మూట ఏ మూలనున్నదో చిట్టాలో వ్రాసి ఉంటుంది. పద్దు కొట్టివేసినంత మాత్రాన మూట లేచి నడచిపోదు గదా! కంప్యూటరులోనూ అంతే. "ఈ చోటు ఖాళీ" అని చిట్టాలో గుర్తు పడుతుంది. సరుకు అక్కడే ఉంటుంది. ఒక్కటే భేదం. గోదాములో పాత మూటను పక్కకు జరుపుతాము. ఇక్కడ దానిమీదనే కొత్తది వ్రాసేస్తారు. అప్పుడు పాతది పోయినట్లే.

పాత డాస్ పద్ధతిలో ఫైలు చెరిపితే పేరులో మొదటి అక్షరం మాత్రమే మారి, దాని చోట ఒక గుర్తు పడేది. అందుకే 1991లో వచ్చిన డాస్ అయిదవ కూర్పులోని "అన్‌డిలీట్" ఆ మొదటి అక్షరమేమిటని మననే అడిగేది! చిట్టాయే పాడయితే మరొక ఉపాయం గలదు. జేపెగ్ ఫోటో ప్రతిదానికి ఆరంభంలో ఒకే రకపు గుర్తు ఉంటుంది. "ఫోటోరెక్" అనే ఉచిత సాధనం కార్డంతా గాలించి ఆ గుర్తులను పట్టుకుంటుంది. పాత పేర్లు మాత్రం రావు. బొమ్మలు వస్తే చాలదా?

2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా నౌక సంగతి మీరెరుగుదురు. ఆ శిథిలాలలో మాడిన డిస్కు ఒకటి దొరికింది. జెనాన్ వాయువుపై చేసిన ప్రయోగపు లెక్కలు అందులో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు తిరిగి వచ్చాయని 2008లో వెల్లడయింది. నిప్పులో పడినది దక్కింది!

మనవాళ్ళలో ఒకరింట మాత్రం దక్కలేదు. పెండ్లి ఫోటోలు చెరిగిన కార్డుతోనే ఆ సాయంత్రం ఊరేగింపు వీడియో తీశారు. ముహూర్తపు బొమ్మలలో సగం దానికింద పడిపోయాయి. కనుక చెరిగిందని తెలియగానే కార్డు బయటకు తీసేయాలి. దొరికినవాటిని మరొక చోట దాచాలి గాని, అదే కార్డులో కాదు.

కార్డు కాక ఫోను సొంత జ్ఞాపకంలోనివయితే పని కష్టం. నేటి ఫోనులు సరుకును రహస్యలిపిలో దాస్తాయి. ఖాళీ అన్న చోటును తామే తుడిచేస్తాయి కూడా. ముందు ఫోటోల చెత్తబుట్ట చూడండి. చాలా ఫోనులలో అక్కడ నెలరోజులవరకు ఉంటాయి.

ఇందులో అపాయమూ ఉంది. మీరు చెరిపి అమ్మిన కార్డులోనుంచి మీ ఆడపిల్లల ఫోటోలు, ఆధార్ నకళ్ళు కొన్నవాడు ఇలాగే తీయగలడు. కార్డు అమ్మకండి, అమ్మక తప్పకపోతే దానినిండా పనికిరాని వీడియో ఏదైనా నింపి ఇవ్వండి.

ఎవరింటనైనా అటువంటి కార్డు ఉంటే, ఇకమీద దానిలో ఏమీ వ్రాయక, కాగితంలో చుట్టి వచ్చే ఆదివారం నాకు తెచ్చివ్వండి. గాలించి చూద్దాము.