కనబడకపోతే లేనట్టే!
(హఫీజ్‌పేట్‌లో జరిగిన మన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఇల్లు సర్దుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సర్వీసంతా గుమాస్తాగా ఫైళ్ళు సర్దినవాణ్ణి కాబట్టి ఈ విషయంలో నాకు అర్హత ఉందనుకున్నారేమో! నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఆ గర్వం ఎలా దిగిందో చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

మన ఆఫీసుల్లో టాటెన్‌హామ్ పద్ధతి మీకు తెలిసిందే. ప్రతి కాగితానికీ ఒక నంబరు, ప్రతి ఫైలుకూ ఒక ఆయుర్దాయం. ఆర్.డిస్. అయితే శాశ్వతం, డి.డిస్. అయితే పదేళ్ళు, ఎల్.డిస్. అయితే ఒక్క ఏడాది. ఇప్పట్లో పని లేనిది కాల్ బుక్‌లోకి. ఆ క్రమశిక్షణ నా ఒంట పట్టింది. బల్ల మీద కాగితం కనబడితే నా చెయ్యి ఊరుకోదు.

రిటైరైన తర్వాత మా చిన్నవాడి దగ్గరకు, ఈ హఫీజ్‌పేట్‌కు వచ్చాం. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు మొదలయ్యాక, హైటెక్ సిటీ ఉద్యోగాలు పెరిగాక, ఇక్కడ అపార్టుమెంట్లు ఎలా లేచాయో మీరు చూస్తూనే ఉన్నారు. పెరడు, పెద్ద అటక ఉన్న సొంత ఇంటి సామానంతా తెచ్చి ఫ్లాటులో పెట్టాం. దానికి తోడు మా చిన్నవాడి తీరు ఒకటి. వాడు కంప్యూటరు ఉద్యోగి, తెలివైనవాడు. కాని వాడి గది చూస్తే బల్ల మీద గుట్ట, కుర్చీ మీద గుట్ట, ఫ్రిజ్ తలుపు నిండా అంటించిన కాగితాలు. చిన్నప్పుడు వారానికో పెన్సిలు, ఏడాదికో గొడుగు పోగొట్టేవాడు. “మతి లేని వెధవా” అన్న మాట నా నోటి నుంచి ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు.

కొన్నాళ్ళ క్రితం మా కోడలు ఎవరి మాటో విని ఒక ఫెంగ్ షూయి సలహాదారుణ్ణి ఇంటికి పిలిచింది. ఫెంగ్ అంటే గాలి, షూయి అంటే నీరు. ఇళ్ళు, సమాధులు ఎక్కడ ఎటు ముఖంగా ఉండాలో చెప్పే పాత చైనా శాస్త్రం అది. మనకు వాస్తు ఎలాగో వారికి అది అలాగ. ఆయన చెప్పినవి ఇవి: సింహద్వారం దగ్గర అడ్డు ఉండరాదు, ఆగిపోయిన గడియారాలూ విరిగిన వస్తువులూ పారెయ్యాలి, మంచం కింద ఏమీ పెట్టరాదు, గుమ్మంలో గాలి గంటలు కట్టాలి, నవ్వే బుద్ధుణ్ణి పెట్టాలి.

నాకు నవ్వొచ్చింది. ఇందులో మనకు తెలియనిది ఏముంది? ఈశాన్యం ఖాళీగా ఉంచమని మన పెద్దలు చెప్పలేదా? చెత్త ఉన్న ఇంట్లో జ్యేష్ఠాదేవి చేరుతుందని మా నాయనమ్మ అనేది. భోగి పండుగకు పాత సామాను బయట పడేసేవాళ్ళం. అయినా సర్దడానికి నాకొక వంక దొరికింది. మా వాడు ఆఫీసు పని మీద నాలుగు రోజులు ఊరెళ్ళాడు. నేను నడుం బిగించాను. గుట్టలన్నీ విడదీసి, ఫైళ్ళు కట్టి, పేర్లు రాసి, బీరువాలో పెట్టి తాళం వేశాను. ఫ్రిజ్ తలుపు అద్దంలా మెరిసింది. ఇల్లు గెస్టు హౌసులా తయారైంది.

రెండు వారాలు గడిచాయి. మా మనవరాలి పరీక్ష ఫీజు గడువు దాటిపోయింది. ఆ ఫారం మా వాడు ఫ్రిజ్‌కు అంటించుకున్నాడు. నేను దాన్ని ‘చదువు’ అనే ఫైలులో భద్రంగా దాచాను. అపరాధ రుసుముతో ఆ గండం గట్టెక్కింది గాని, ఆ రాత్రి నేను నోరు చేసుకున్నాను. “ఫైలు బీరువాలోనే ఉంది కదరా!” అన్నాను. నలభై నాలుగేళ్ళవాడు నేల మీద చతికిలబడి, “నాన్నా, నాకు కనబడకపోతే అది లేనట్టే. చిన్నప్పటి నుంచీ అంతే. నేను కావాలని చెయ్యడం లేదు” అన్నాడు. ఆ గొంతు విని నేను మరి మాట్లాడలేదు.

ఆ తర్వాత వాడు మానసిక వైద్యుల దగ్గరకు వెళ్ళాడు. అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్ కావచ్చునని, పొట్టిగా ఏ.డి.హెచ్.డి. అంటారని వారు చెప్పారు. ఇది ఈ కంప్యూటరు కాలం తెచ్చిన జబ్బు అనుకోకండి. 1902లోనే లండనులో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలు ఇచ్చాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు 1987లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో స్థిరపడింది. కుటుంబాల్లో వంశపారంపర్యంగా వచ్చే అవకాశం ఎక్కువ. పెద్దవారిలో బయటపడినా, దాని లక్షణాలు పన్నెండేళ్ళ లోపే కొన్నయినా ఉండి ఉండాలి. అందుకని చిన్ననాటి ఆధారాలు ఏమైనా ఉన్నాయా అని డాక్టరు గారు అడిగారు.

ఆధారాలా! గుమాస్తా ఇంట్లో ఆధారాలకు కొదవా? ట్రంకు పెట్టె తీశాను. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ప్రోగ్రెస్ కార్డులు వరసగా కట్టి ఉన్నాయి, ఆర్.డిస్. కింద. “తెలివి గలవాడు, శ్రద్ధ తక్కువ.” “పుస్తకాలు మరచి వస్తాడు.” “కుదురుగా కూర్చోడు.” పదేళ్ళలో పదిమంది మాస్టర్లు ఒకే మాట రాశారు. ప్రతి మాట కిందా నా సంతకం ఉంది. సంతకం పెట్టిన ప్రతిసారీ ఆ సాయంత్రం ఏం జరిగిందో నాకూ వాడికీ తెలుసు. కాగితం భద్రపరిచాను గాని, అందులో ఏముందో చదవలేదు మిత్రులారా.

వైద్యం వైద్యులే చూస్తున్నారు. మందులున్నాయి, కౌన్సెలింగు ఉంది. నేను చెప్పదలచినది ఇంటి సంగతి. ఇలాంటి వారి మనసులో అప్పటికప్పుడు గుర్తు పెట్టుకునే పలక చిన్నది. తలుపు మూస్తే లోపలి వస్తువు పలక మీద నుంచి చెరిగిపోతుంది. కాబట్టి ఈసారి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని సర్దాం.

గుమ్మం పక్కనే కొక్కేలు కొట్టాం. తాళాలు, హెల్మెట్టు, ఆఫీసు గుర్తింపు కార్డు అక్కడే. వాడి అరలకు తలుపులు తీసేశాం. డబ్బాలన్నీ లోపలిది కనబడే రకం, పైన పెద్ద అక్షరాల చీటీ. ఫ్రిజ్ తలుపు మళ్ళీ వాడికే ఇచ్చేశాం, అయితే ఆ వారం పనులు మాత్రమే ఉండాలని నియమం. రోజూ పావుగంట అలారం పెట్టి ఒక్క సొరుగు మాత్రమే సర్దుతాడు. నేను పక్కన పేపరు చదువుకుంటూ కూర్చుంటాను, ముట్టుకోను. మనిషి తోడుంటే పని సాగుతుందట. నిజమే, సాగుతోంది. ఏది పారెయ్యాలో తేలకపోతే కాల్ బుక్ అని రాసిన అట్టపెట్టెలో తేదీ వేసి పెడతాం. ఆరు నెలలు దాని అవసరం పడకపోతే పాత పేపర్ల అబ్బాయికో, అవసరమైనవారికో ఇచ్చేస్తాం.

ఫెంగ్ షూయి మాటేమిటంటారా? గుమ్మం ఖాళీగా ఉంచడం, విరిగినవి తీసెయ్యడం మంచిదే, ఏ దేశం వారు చెప్పినా వినవచ్చు. దిక్కు మారిస్తే శ్రద్ధ కుదురుతుందనడానికి మాత్రం ఆధారం లేదు. గాలి గంటల గలగల మా వాడి ధ్యాసను ఇంకా చెదరగొట్టింది, విప్పేశాం. బుద్ధుడు మాత్రం టీవీ మీద నవ్వుతూనే ఉన్నాడు.

మన వయసు వారికి ఒక హెచ్చరిక. అరవై దాటాక కొత్తగా మొదలైన మతిమరుపును ఈ ఖాతాలో వెయ్యకండి. దానికి థైరాయిడ్, నిద్రలేమి వంటి వేరే కారణాలు ఉండవచ్చు, డిమెన్షియా కూడా కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించుకోండి. అలాగే పి.పి.ఓ., ఇంటి దస్తావేజులు, వీలునామా ఒకే చోట పెట్టి, ఆ చోటు ఇంట్లో ఇద్దరికైనా చెప్పండి. గడువు తీరిన మందులు తీసెయ్యండి.

చివరిగా ఒక్క మనవి. మీ ఇళ్ళలోనూ పెన్సిళ్ళు పోగొట్టుకునే మనవలు, మనవరాళ్ళు ఉంటారు. వారి ప్రోగ్రెస్ కార్డు మీ చేతికి వస్తే, సంతకానికి ముందు ఒకసారి నిదానంగా చదవండి. నాకు ఆ అవకాశం దాటిపోయింది. మొన్న మా మనవరాలి కార్డు వచ్చింది. మా వాడు దాన్ని చదివి, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడి, ఆ తర్వాతే సంతకం పెట్టాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను.