ఎన్నికల ప్రకటనలు – ఓటరు
(ఉప్పల్ పఠనాలయమున చేసిన ప్రసంగము)

2024 మే 13న మన మల్కాజిగిరి లోక్‌సభా స్థానమున ఓటర్లు 37 లక్షలకు పైబడిరి. అభ్యర్థి వ్యయమునకు పరిమితి 95 లక్షల రూపాయలు. ఓటరొక్కనికి రెండున్నర! టీకైనను చాలదు. మరి వీథులలో, చేతిఫోనులలో అన్ని ప్రకటనలెట్లు నిండినవి? పార్టీ తన సామాన్య ప్రచారమునకు చేయు వ్యయమునకు మేర లేదు. సొమ్మంతయు ఆ వాకిటనే వచ్చును. న్యాయవాదులమైన మేమును దానిని మూయుడని గట్టిగా నడుగమైతిమి.

ఇంత మ్రోగినను ఆనాడు సుమారు సగము మంది ఇల్లు కదలలేదు. ప్రకటన మొగము నెరిగించును గాని, నాచారము చెరువు నెవరు బాగుచేయుదురో చెప్పదు.

ఇకమీదట కరపత్రము చేతికి వచ్చినచో అడుగుభాగము చూడుడు. ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు కరపత్రము మీద నుండవలెనని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము, 127-ఎ సెక్షను శాసించుచున్నది. అవి లేకున్న పారవేయక ఎన్నికల అధికారి కడకు కొనిపొండు.